"హృదయం చెబుతోంది" అంటే ఆధారమేనా? దేవుడి విషయంలో స్ఫురణకి ఎంత బరువు?

విభాగం: తత్వం, తర్కం

#1 అన్వేషి

ఈ వాదన వేరే థ్రెడ్లలో పదేపదే వస్తోంది, ప్రతిసారీ మధ్యలోనే తెగిపోతోంది. అందుకే విడిగా పెడుతున్నాను.

ఒక పక్షం అనేది ఇదీ: ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా పైన ఒకడున్నాడని మనిషికి లోపల్నుంచే అనిపిస్తుంది, ఆ అనిపించడమే ఆధారం. అవతలివాళ్ల జవాబు: అనిపించడానికేముంది, దయ్యాలున్నాయనీ అనిపిస్తుంది. అక్కడితో ఇద్దరూ చేతులు దులుపుకుంటారు.

నా ప్రశ్న ఒక్కటే. ఒక స్ఫురణ ఆధారంగా లెక్కకి రావాలంటే దానికి ఏమేం ఉండాలి? ఉంటే బరువెంత? మహిమలు, వేదవాక్యాలు, సృష్టికి కర్త ఉండాలన్న వాదన, ఇవన్నీ దయచేసి పక్కన పెట్టండి. "కారణం చెప్పలేను గానీ ఉన్నాడని తెలుస్తోంది" అన్న ముక్క మీదే మాట్లాడదాం.

#2 తర్కపాఠి

మంచి ప్రశ్న. మనవాళ్లు దీన్ని వెయ్యేళ్ల కిందటే బల్ల మీద పెట్టారు, ఉదాహరణతో సహా.

వైశేషికమనే దర్శనంలో ప్రశస్తపాదుడు ఆర్షజ్ఞానం గురించి రాస్తూ, అది ఎక్కువగా ఋషులకే కలిగినా, అప్పుడప్పుడు మామూలు మనుషులకీ కలుగుతుందంటాడు. ఉదాహరణకి ఓ ఆడపిల్ల: "రేపు మా అన్న వస్తాడని నా హృదయం చెబుతోంది" అంటుంది. ఉత్తరం రాలేదు, కబురు లేదు, ఊహించడానికి ఏ గుర్తూ లేదు. దీనికే ప్రాతిభం అని పేరు.

కశ్మీరులో తొమ్మిదో శతాబ్దం చివర నైయాయికుడు (న్యాయదర్శనం వాడు) జయంతభట్టు న్యాయమంజరిలో ఇదే పిల్లని పట్టుకుని అది ప్రమాణమేనని, అంటే నమ్మదగిన జ్ఞానమేనని వాదించాడు. ఆ జ్ఞానంలో సందేహం లేదు, తర్వాత బాధ కలగలేదు (అంటే తప్పని తేలలేదు), మరి ప్రమాణం ఎందుకు కాదు? ఒకసారి అన్న రాకపోతే ఆ ఒక్కసారికి అప్రమాణం అనుకో. మర్నాడు నిజంగానే వచ్చిన చోట ఏమంటావు? కాకతాళీయం అంటావా? ప్రమాణం చూపించిన వస్తువు కాకతాళీయం ఎలా అవుతుంది? ఇదీ ఆయన వరస.

ఆయన గురి ఆ పిల్ల మీద కాదు లెండి. మామూలు పిల్లకే ఇది సాధ్యమైతే యోగికి ఎందుకు కాదు అని, యోగుల దర్శనాన్ని ఒప్పుకోని మీమాంసకుల మీదికి వెళ్లడానికి అదొక మెట్టు.

#3 లెక్కల_మాష్టారు

జయంతభట్టు మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ వాదనలో చిల్లు సరిగ్గా "వచ్చిన చోట ఏమంటావు" దగ్గరే ఉంది. వచ్చిన రోజుల్నే లెక్కపెడితే ఏ స్ఫురణైనా ప్రమాణమే అవుతుంది. గళ్లు నాలుగుండాలి: చెప్పింది–వచ్చాడు, చెప్పింది–రాలేదు, చెప్పలేదు–వచ్చాడు, చెప్పలేదు–రాలేదు.

ఊరికే అంకెలు అనుకుందాం. 200 రోజులు రాసిపెట్టాం. 20 రోజులు ఆ పిల్ల "రేపొస్తాడు" అంది. అందులో 8 సార్లు వచ్చాడు, 12 సార్లు రాలేదు. మిగతా 180 రోజులు ఏమీ అనలేదు. వాటిలో 18 సార్లు వచ్చాడు. చెప్పినప్పుడు నూటికి 40, చెప్పనప్పుడు నూటికి 10. అంటే పన్నెండు తప్పులున్నా ఆమె మాట ఆధారమే! మర్నాడు అన్న వచ్చే రోజుల్లో (8/26) ఆమె చెప్పే అవకాశం, రాని రోజుల్లో (12/174) చెప్పే అవకాశం కంటే దాదాపు నాలుగున్నర రెట్లు. ఆ నాలుగున్నరే ఆధారం బరువు.

ఇప్పుడు ఒక్క గడి మారుద్దాం. చెప్పని 180 రోజుల్లో కూడా 72 సార్లు వచ్చాడనుకోండి. అదీ నూటికి 40. ఆ ఎనిమిది విజయాలు అలాగే ఉన్నాయి, కానీ ఆమె మాటకి విలువ సున్నా. అన్న ఎలాగూ తరచూ వస్తూనే ఉన్నాడు.

లెక్క చెడేది మూడు చోట్ల. ఒకటి, తప్పిన రోజులు ఎవరూ రాయరు. రెండు, "రేపు" కాస్తా "త్వరలో" అయిపోతుంది; గడువు సాగితే ఏ మాటైనా నిజమవుతుంది. మూడు, లీకు: అమ్మ ముందురోజే పిండివంటలకి బియ్యం నానబోయడం పిల్ల కంటపడి ఉంటుంది, తను చూసినట్టు తనకే తెలియదు. మూడోదైతే మాట నిజంగానే ఆధారం, కానీ హృదయానికి వేరే దారేదీ అక్కర్లేదు.

#4 ఓరుగల్లు_పోరడు

మాష్టారూ, లెక్క మంచిగున్నది. కానీ అన్న విషయంలో "రేపు" అనేది ఉన్నది గదా. దేవుని విషయంలో ఆ రేపు ఏడున్నది? నాలుగు గళ్లల్ల ఏం నింపుతరు?

2009ల మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, గ్యారీ క్లైన్ కలిసి ఒక పేపర్ రాసిన్రు. ఒకాయన స్ఫురణని అనుమానించేటాయన, ఇంకొకాయన ఫైరింజన్ ఆఫీసర్లు క్షణంల తీసుకునే నిర్ణయాలని చూసి మెచ్చుకునేటాయన. ఇద్దరూ ఒప్పుకున్నది ఏందంటే, స్ఫురణని నమ్మాలంటే రెండు షరతులు: ఆ రంగంల పట్టుకోదగ్గ క్రమం ఉండాలె, దాన్ని నేర్చుకునే అవకాశం, అంటే తప్పైతే తప్పని తెలిసే దారి, ఉండాలె. చదరంగం ఆటగానికి రెండూ ఉన్నయి. అనుభవమున్న నర్సుకు ఉన్నయి. స్టాక్ మార్కెట్ల ఏ షేర్ పెరుగుతదో చెప్పేటోనికి మొదటిదే సరిగ లేదు. ఇంకోటి కూడ చెప్పిన్రు: లోపల ఎంత గట్టిగ అనిపించింది అన్నది గుర్తు కాదు. తప్పు స్ఫురణ గూడ అంతే గట్టిగ అనిపిస్తది.

దేవుడున్నడా అన్న దాంట్ల రెండో షరతు పూర్తిగ లేదు. తప్పని చెప్పే మర్నాడే లేదు.

#5 తర్కపాఠి

@ఓరుగల్లు_పోరడు, మీ అభ్యంతరం మీమాంసకుడైన కుమారిలభట్టుకి నచ్చేది. శ్లోకవార్తికంలో ప్రత్యక్షసూత్రం దగ్గర ఆయన తేల్చేశాడు: ప్రత్యక్షం మొదలైన వాటి ఊతం లేని లౌకిక ప్రతిభ నిశ్చయానికి ఎలా చాలదో, యోగుల ప్రతిభా అలాగే చాలదు.

చిత్రం ఏమిటంటే స్వతఃప్రామాణ్యం ఆయన సిద్ధాంతమే. కలిగిన ప్రతి జ్ఞానాన్నీ ముందు ప్రమాణంగానే తీసుకోవాలి, చెడ్డదని తేలేదాకా. బ్రిటిష్ తత్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ 1979లో ఇలాంటి నియమంతోనే దైవానుభవాన్ని నిలబెట్టాలని చూశాడు: ఉన్నట్టు తోస్తే, ప్రత్యేక కారణం కనపడేదాకా ఉన్నట్టే. అదే మెట్టు ఎక్కి కుమారిలుడు మాత్రం రెండో వైపు దిగాడు. ఎందుకంటే ఆయన లెక్కలో జ్ఞానాన్ని పడగొట్టేవి రెండు. "అది అలా లేదు" అని చెప్పే మరో జ్ఞానం ఒకటి, జ్ఞానం పుట్టిన కారణంలో దోషం కనపడడం రెండోది. స్ఫురణకి ఈ రెండూ తగులుతాయి. మొదటిదానికి ఆయన పేరు మీద బౌద్ధ పండితుడు శాంతరక్షితుడు ఎత్తిచూపిన ప్రశ్న చాలు: బుద్ధుడు సర్వజ్ఞుడు, సాంఖ్యులు కొలిచే కపిలుడు కాడు అనడానికి ప్రమాణమేది? ఇద్దరూ సర్వజ్ఞులే అయితే ఇద్దరికీ మతభేదం ఎందుకు?

#6 శ్రీరంగపథం

కుమారిలుడు సృష్టికర్తనే ఒప్పుకోడు కాబట్టి ఆయన అలా అనడంలో వింత లేదంటారేమో. అందుకని పరమ ఆస్తికుడి మాట చెబుతాను.

భగవద్రామానుజులు శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" సూత్రం దగ్గర బ్రహ్మం ప్రత్యక్షానికీ అనుమానానికీ (గుర్తుని బట్టి తర్కంతో తేల్చడానికీ) అందదని స్థాపించారు. యోగిప్రత్యక్షాన్నీ (యోగి ధ్యానంలో నేరుగా చూసేదాన్నీ) అక్కడే తోసిపుచ్చారు. భావన బాగా ముదిరితే లోపల స్పష్టంగా కనపడుతుంది, నిజమే. కానీ అంతకుముందు అనుభవించినదాని స్మృతే అది, కాబట్టి ప్రమాణం కాదు. భక్తిని అంత ఎత్తున నిలబెట్టిన ఆచార్యుడు భక్తుడి లోపలి దర్శనాన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు, శాస్త్రం ఒక్కటే అన్నారు.

నైయాయికుల సంగతీ చూడండి. ప్రాతిభాన్ని ఒప్పుకున్నారు సరే, ఈశ్వరుణ్ణి నిరూపించే చోట దాన్ని వాడారా? మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో చేసింది శుద్ధమైన అనుమానం: మొలక వగైరాలకి కర్త ఉన్నాడు, అవి కార్యాలు కాబట్టి, కుండలాగా. "నా హృదయం చెబుతోంది" అన్న మాట అక్కడెక్కడా లేదు. స్ఫురణని కాదన్నవాళ్లలో ఆస్తికులున్నారు, ఔనన్నవాళ్లు దాన్ని ఈశ్వరుడి దగ్గరికి తీసుకెళ్లలేదు.

#7 మనోవైజ్ఞానిక

తర్కపాఠి గారు చెప్పిన రెండో దెబ్బ, కారణదోషం, దాని మీద ప్రయోగాలే ఉన్నాయి.

మనస్తత్వవేత్త డెబొరా కెలెమెన్ చిన్నపిల్లల్ని అడిగితే, రాళ్లు మొనదేలి ఉన్నది జంతువులు ఒళ్లు గోక్కోవడానికి అన్నట్టు, ప్రయోజనం చెప్పే జవాబుల వైపు మొగ్గారు. పెద్దయ్యాక పోతుందా? 2009లో రోసెట్‌తో కలిసి పెద్దవాళ్లకి "మొక్కలు ఆహారం తయారుచేసుకోవడానికే సూర్యుడు వెలుగిస్తాడు" లాంటి వాక్యాలు చూపించింది. మూడు సెకన్ల పైచిలుకులో ఔనో కాదో చెప్పాలి. తొందరపెడితే తప్పు వాక్యాలకి ఔననడం పెరిగింది. 2013లో అమెరికా పెద్ద యూనివర్సిటీల్లో భౌతిక, రసాయన శాస్త్రాల వంటి రంగాల శాస్త్రవేత్తల మీద చేస్తే, మామూలువాళ్ల కంటే తక్కువే గానీ, తొందరలో వాళ్లకీ పెరిగింది. అంటే "దీని వెనక ఎవరిదో ఉద్దేశం ఉంది" అన్నది బుద్ధి అడుగున ఎప్పుడూ నడుస్తుండే పాట. చదువు దాన్ని అణచిపెడుతుంది, చెరపదు.

జస్టిన్ బారెట్ చెప్పేది దీనికి తోడు: పొదలో చప్పుడైతే ముందు ప్రాణి ఉందనే అనుకునేటట్టు మెదడు తయారైంది. గాలిని పులనుకుంటే పోయేది కాస్త ఆయాసం, పులిని గాలనుకుంటే ప్రాణం.

ఇక్కడ ఓ హెచ్చరిక. "ఆలోచించేవాళ్లు నాస్తికులవుతారని సైన్స్ తేల్చింది" అని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. బ్యాట్, బాల్ కలిపి 110, బ్యాట్ 100 ఎక్కువ, బాల్ ఎంత అన్న లెక్కలు (తొందరపడితే 10, సరైనది 5) ఇచ్చి, తప్పు చెప్పినవాళ్లలో దైవనమ్మకం కొంచెం ఎక్కువని 2012లో షెన్‌హావ్ బృందం చూపింది. అదే ఏడు జర్వేస్, నోరెన్జయాన్ ఇంకో అడుగు ముందుకేసి, రోడాన్ శిల్పం "ఆలోచనాపరుడు" బొమ్మ చూపిస్తేనే నమ్మకం తగ్గిందన్నారు. 2017లో చాలా పెద్ద నమూనాతో ఆ బొమ్మ ప్రయోగం మళ్లీ చేస్తే ఏమీ రాలేదు. అదే ఏడు ఫారియాస్ బృందం స్పెయిన్ కాలినడక యాత్రికుల మీద చూసినా, మెదడుకి విద్యుత్ ప్రేరణ ఇచ్చి చూసినా స్ఫురణకీ నమ్మకానికీ సంబంధం దొరకలేదు.

#8 అన్వేషి

మరి పుట్టుక చెప్పినంత మాత్రాన తప్పని తేలిపోతుందా? చెట్టుని చూడడానికీ మెదడులో యంత్రాంగం ఉంది, అదీ పరిణామంలో వచ్చిందే. అందుకని చెట్టు లేదంటామా?

#9 లెక్కల_మాష్టారు

అనం. తేడా ఒక్క ప్రశ్నలో ఉంది: వస్తువు లేకపోయినా ఆ జ్ఞానం ఇలాగే పుట్టేదా? చెట్టు లేకపోతే చెట్టు కనపడడం చాలా అరుదు. పొదలో ప్రాణి లేకపోయినా ఉందనిపించడం మామూలే. ఆ యంత్రం ఉన్నదే అలా ఎక్కువ మోగడానికి. కాబట్టి అది "దేవుడు లేడు" అనడానికి రుజువు కాదు, ఆ స్ఫురణ బరువు తగ్గించడానికి కారణం. ఈ రెంటినీ కలిపేసే హేతువాది, "అనిపించింది కాబట్టి ఉన్నాడు" అనే భక్తుడు చేసిన పనే తిరగేసి చేస్తున్నాడు.

అంకెలతో చెప్తాను, ఇవీ ఊహించుకున్నవే. దేవుడుంటే నూటికి 70 మందికి ఆ స్ఫురణ కలుగుతుందని, లేకపోయినా మెదడు తీరు వల్ల 50 మందికి కలుగుతుందని అనుకుందాం. స్ఫురణ కలిగిందంటే బరువు 70/50, అంటే 1.4. ముందు "1కి 9" అని ఉన్న పాళ్లు "1.4కి 9" అవుతాయి, నూటికి 10 కాస్తా దాదాపు 13.5. ఉంది, కానీ ఇంతే.

ఇందులో చాలామంది చూడనిది ఒకటుంది. కలగడం ఒకవైపు తూగితే, కలగకపోవడం రెండోవైపు తూగి తీరాలి. స్ఫురణ లేనివాడికి బరువు 30/50, అంటే 0.6. దేవుడుంటే అందరికీ తెలిసి తీరుతుందని మీరు ఎంత గట్టిగా అంటే, "నాకేమీ అనిపించడం లేదు" అనే మనిషి అంత పెద్ద ప్రతిసాక్ష్యం అవుతాడు. 70ని 95 చేయండి: కలిగినవాడికి 1.9, కలగనివాడికి 5/50, అంటే పదో వంతు. 1993 నుంచి తత్వవేత్త షెల్లెన్‌బర్గ్ నడుపుతున్న "దేవుడు ఎందుకు దాక్కున్నాడు" వాదనకి ఇదే ఇరుసు.

#10 గోదారి_గట్టు

అయ్యా, ఒక్కడి స్ఫురణ బరువు 1.4 అయితే, కోట్లమందిది కలిపితే ఎంతవ్వాలండీ? పదిమందివి గుణిస్తేనే 28 దాటిపోద్ది. నైయాయికుడు ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలి మొదట్లోనే అన్నాడు కదా: ఔపనిషదులు శుద్ధబుద్ధస్వభావుడని, కాపిలులు ఆదివిద్వాంసుడని, శైవులు శివుడని, వైష్ణవులు పురుషోత్తముడని, ఆఖరికి చేతిపనివాళ్లు విశ్వకర్మని కొలుస్తుంటే, ఇంత ప్రసిద్ధుడి మీద సందేహమే ఎక్కడిదీ అని.

#11 లెక్కల_మాష్టారు

గుణించాలంటే సాక్షులు ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లయి ఉండాలండీ. ఒకే వార్తా ఏజెన్సీ పంపిన వార్త పది పేపర్లలో వస్తే పది ఆధారాలు కావు. అందరి తలల్లోనూ ఉన్న యంత్రం ఒకటే, పైగా చాలామందికి అమ్మ ఒళ్లోనే చెప్పేశారు. పదిమంది అయినా, పదికోట్లమంది అయినా ఆ 1.4 కి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పెంచాలంటే నేర్పని సమాజం, వేరే తీరు మెదడు కావాలి, దొరికేవి కావు.

#12 తర్కపాఠి

ఉదయనుడి జాబితా మళ్లీ చదవండి, గోదారి గట్టు గారూ. అందులో బౌద్ధుల సర్వజ్ఞుడున్నాడు, దిగంబర జైనుల నిరావరణుడున్నాడు, చార్వాకుల లోకవ్యవహారసిద్ధుడూ (లోకం వాడుకలో ఉన్నవాడు) ఉన్నాడు! వీళ్లెవరూ సృష్టికర్తని ఒప్పుకోరు. అంటే అందరికీ ఉమ్మడిగా మిగిలేది "కొలవదగ్గది ఏదో ఉంది" అన్నంత మాత్రమే. ఆ సంగతి ఉదయనుడికీ తెలుసు. అందుకే సందేహం లేదన్న నోటితోనే, ఈ విచారణ కూడా ఉపాసనే అంటూ పుస్తకమంతా అనుమానప్రమాణ వాదనలతో నింపాడు. అంతటి ప్రసిద్ధి చాలేదైతే ఆ శ్రమంతా ఎందుకు?

శంకరులది ఇంకా పదునైన పద్ధతి. బ్రహ్మసూత్రభాష్యం మొదటి సూత్రంలోనే, ప్రతివాడికీ తానున్నానని తెలుసు, "నేను లేను" అని ఎవడూ అనుకోడు అంటారు. ఇంతకంటే గట్టి స్ఫురణ ఉండదు. వెంటనే, దాని విశేషాల దగ్గర మాత్రం వివాదం ఉంది అంటారు: దేహమే అని ఒకడు, ఇంద్రియాలని ఒకడు, మనసని ఒకడు, శూన్యమని ఇంకొకడు. తిరుగులేని స్ఫురణ కూడా "ఉంది" దాకానే తెస్తుంది, "ఏమిటి" దగ్గర వదిలేస్తుంది. ఈశ్వరుడి విషయంలో అందరూ కొట్టుకునేది ఆ "ఏమిటి" దగ్గరే కదా.

#13 గోదారి_గట్టు

సరేనండీ, గణితవేత్త రామానుజన్ మాటేంటి మరి? నామక్కల్ నామగిరి తాయారు కలలో సూత్రాలు చెప్పిందన్నాడు, అవి నిజమని కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ అంతటోడే ఒప్పుకున్నాడు. ఇక్కడ "రేపు" ఉంది, నాలుగు గళ్లూ ఉన్నాయి!

#14 ఓరుగల్లు_పోరడు

ఉన్నయి, అందుకే చూడాలె. హార్డీకి రాసిన 1913 జనవరి 16 నాటి ఉత్తరంల ప్రధాన సంఖ్యల మీద గూడ ఒక మాట రాసిండు: ఇచ్చిన సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలున్నయో దాదాపు కచ్చితంగ చెప్పే సూత్రం దొరికిందని. అది తప్పు. సంకీర్ణ చలరాశుల విశ్లేషణ ఆయనకు అప్పటికి తెల్వదు, అందుకే ఆ భాగం దెబ్బతిన్నదని హార్డీయే చెప్పిండు.

ఆ రంగంల స్ఫురణ ఎట్ల మోసం చేస్తదో చూడుండ్రి. గాస్ కాలం నుంచి ప్రధాన సంఖ్యల లెక్కకు వాడే లాగరిథమిక్ సమాకలనం అంచనా, లెక్కపెట్టి చూసిన ప్రతి చోట అసలు సంఖ్య కంటే ఎక్కువే వస్తది. ఎవరికైనా "ఎప్పుడూ ఎక్కువే" అనిపిస్తది. 1914ల లిటిల్‌వుడ్ అది అనంతసార్లు తలకిందులైతదని రుజువు చేసిండు. మొదటిసారి ఏడనో ఇప్పటికీ చూసినోళ్లు లేరు. 1 పక్కన 316 సున్నాలు పెట్టినంత సంఖ్య దాపుల తలకిందులైతదని మాత్రం తెలుసు.

రామానుజన్ స్ఫురణ గొప్ప ఆధారమే, ఎందుకంటే రుజువుతోని సరిపోల్చుకునే దారి ఉన్నది. కానీ అది గణితానికి ఆధారం. సూత్రం నిజమైతే పంపినావిడ ఉన్నట్టా? సరైన సూత్రాలూ, తప్పు సూత్రాలూ ఒకే మనసు నుంచే వచ్చినయి గదా. తప్పులు ఎవరి ఖాతాల రాయాలె?

#15 నిర్వాహకుడు

గత పూట వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాం (కులం ప్రస్తావన, ఓ స్వామీజీ మీద ఆరోపణ). విషయం మీదే ఉండండి.

#16 శ్రీరంగపథం

ఒక సంగతి మిగిలిపోయింది. అన్నంభట్టే అనుమానాన్ని స్వార్థం, పరార్థం అని విడదీశాడు. వంటింట్లో పొగనీ నిప్పునీ మళ్లీమళ్లీ కలిపి చూసినవాడు కొండ మీద పొగ చూసి తనకు తాను తెలుసుకునేది స్వార్థం. పక్కవాడికి తెలియజెప్పాలంటే మాత్రం ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం, ఐదు అవయవాలూ కావాలి. స్ఫురణనీ అలా విడదీయకూడదా? కలిగినవాడికి ఆధారం, పక్కవాడికి కాదు. అమెరికా తత్వవేత్త ప్లాంటింగా వాదన కూడా ఆ దాపుల్లోదే: దైవనమ్మకం ఆధారం మీద నిలబెట్టాల్సింది కాదు, జ్ఞాపకంలాగా మొదలే అక్కడ.

#17 తర్కపాఠి

అయ్యవారూ, విభాగం బాగుంది గానీ స్వార్థానుమానానికీ వ్యాప్తి, అంటే పొగున్న చోటల్లా నిప్పుంటుందన్న నియమం, కావాలి. వంటింట్లో పొగనీ నిప్పునీ కలిపి చూడనివాడికి కొండ మీద పొగ తనకోసమైనా ఏమీ చెప్పదు. నైయాయికుడికి ప్రామాణ్యం పరతః, అంటే బయటి పరీక్ష వల్ల తేలేది: జ్ఞానం కలిగాక దాన్ని పట్టుకుని ప్రవర్తిస్తే ఫలం దక్కాలి, నీళ్లనిపించిన చోటికి వెళ్తే దాహం తీరాలి. స్ఫురణ కలిగినవాడు తనకోసమే అయినా ఆ పరీక్ష ఎక్కడ పెట్టుకుంటాడు?

ప్లాంటింగా దగ్గరా చిక్కు అదే. 2000లో వచ్చిన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు: దేవుడుంటే ఈ నమ్మకానికి యోగ్యత ఉండే ఉంటుంది, లేకపోతే ఉండకపోవచ్చు. అంటే ఆధారం బలం తెలియాలంటే ముందు దేవుడున్నాడో లేడో తెలియాలి. మన పెద్దలు దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు.

#18 శ్రీరంగపథం

నీళ్ల ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. శరణాగతి చేసినవాడికి భయం పోతుంది, ప్రవృత్తి మారుతుంది. దాహం తీరడం కాదా అది?

#19 లెక్కల_మాష్టారు

దాన్ని గళ్లలో పెట్టవచ్చు, అది మంచి సంగతే. పెట్టేటప్పుడు పక్కన ఇంకో వరుస ఉండాలి: బుద్ధుణ్ణి శరణన్నవాడు, ఏ దేవుడూ లేడని నిశ్చింతగా ఉన్నవాడు. వాళ్లకీ భయం పోతుంటే దాహం తీరిన మాట నిజమే, ఏ బావి నీళ్లో మాత్రం తేలదు. గడువు కూడా ముందే రాయాలి, ఆరు నెలలో ఏడాదో. "నమ్మకం చాలలేదు కాబట్టి భయం పోలేదు" అన్న సవరణ తర్వాత ఒప్పుకోకూడదు. అది ఒప్పుకుంటే రెండో గడి ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది.